లెక్కను బహిష్కరించిన నీటికోళ్లు

జమ్ము దట్టంగా పెరిగిన మంచినీటి చెరువు. నడుమ చిన్న దిబ్బ. దాని చుట్టూ నక్క మునిగేంత నీళ్లుండబట్టే నీటికోళ్లు అక్కడ నిశ్చింతగా గుడ్లు పెట్టేవి. నక్క గట్టు మీద కూర్చుని గుటకలు మింగేది.

ఆ చెరువుకు నీళ్లొచ్చే వాగు పై కొండలో ఏనుగుల చేతిలో ఉండేది. ఏటా చలికాలంలో ముసలి తాబేలు చెరువులన్నీ తిరిగి, పిట్టల్ని లెక్కపెట్టి ఏనుగులకు చెప్పేది. పిట్టలు ఎక్కువున్న చెరువుకే అవి వేసవిలో నీళ్లు వదిలేవి.

ఒక ఏడు, లెక్కకు ముందురోజు, నక్క ఒక కుర్ర నీటికోడిని పలకరించింది. మంచి మాటకారివని పొగిడింది. ఏనుగుల్ని ఎవరైనా ఎప్పుడైనా లెక్కపెట్టారా అని అడిగి, జవాబు కోసం ఆగకుండా వెళ్లిపోయింది.

ఆ ప్రశ్న నీటికోడిని నిలవనీయలేదు. పొద్దు వాలేలోగా జమ్ములో సభ పెట్టింది. "మనం అంకెలం కాదు. రేపు ఒక్క రెక్క కూడా ఈ చెరువులో కనిపించకూడదు" అంది. కుర్ర పిట్టలన్నీ ఈలలు వేశాయి.

ముసలి గూడబాతు ఒక్కతే అడ్డుపడింది. "ఒరే అబ్బాయ్, లెక్కలో లేకపోతే నీళ్లెలా వస్తాయిరా?"

"నీళ్లు మన హక్కు పెద్దమ్మా. భిక్ష కాదు."

"హక్కే. కాదన్నానా? మనం ఉన్నామని తెలిస్తేనే కదా ఇచ్చేది. ఇంతకీ నీకింత కోపం తెప్పించిందెవరు?"

నీటికోడి ఆ ప్రశ్న దాటేసింది. పెద్దమ్మకు వయసు మీద పడిందని నవ్వేసింది.

మర్నాడు గూడబాతు తప్ప పిట్టలన్నీ కొండ అవతలికి ఎగిరిపోయాయి. తాబేలు చెరువంతా ఈది, గూడబాతును చూసి ఒకటి అని గుర్తుపెట్టుకుంది. మిగతావన్నీ సాయంత్రానికి తిరిగొస్తాయని గూడబాతు బతిమాలింది.

"చూసిందే చెప్తానమ్మా. విన్నది కూడా చెప్పడం మొదలుపెడితే రేపు ఏ చెరువు మాటా ఎవరూ నమ్మరు" అని తాబేలు కదిలింది.

వేసవిలో నీళ్లు వేరే చెరువుకు పోయాయి. నీటికోడి కొండెక్కి ఏనుగుల కాళ్ల మీద పడింది. ఆ చెరువులో తొమ్మిది వందల పిట్టలు పిల్లలతో ఉన్నాయి, వాటి నోటి దగ్గరి నీళ్లు ఎలా లాక్కోమంటావని పెద్ద ఏనుగు అడిగింది. నీటికోడి తల వంచుకుని కొండ దిగింది.

తిరిగొచ్చేసరికి చెరువు ఎండి పగుళ్లు తేలింది. గట్టు నుంచి దిబ్బ దాకా ఒకే వరసలో నక్క అడుగులు. దిబ్బ మీద గుడ్ల పెంకులు. గూడబాతు ముక్కుతో ఆ పెంకులు ఏరుతోంది. నీటికోడి ఆ పక్కన చేరి తనూ ఏరసాగింది.

తిరగబడటం తప్పు కాదు; ఆ కోపాన్ని మనలో రాజేసిందెవరో అడగకపోవడం తప్పు.