బ్రేకు మీద ఓబులమ్మ కాలు

ఇంతకు ముందు నేనేదీ రాసి ఎరగను. చదివింది అయిదో తరగతి. ఉత్తరం రాయాలన్నా పక్కింటివాళ్ళ చేత రాయించుకున్నదాన్ని. మాటలు అటూ ఇటూ అయితే సర్దుకుని చదువుకోండి.

దస్తగిరి మేస్త్రిని ఎవరైనా ఏదైనా అడిగితే వెంటనే బదులు చెప్పే అలవాటు లేదు. అడిగినవాళ్ళ చేతికి ఒక పని ఇస్తాడు. మార్కాపురం బయట లారీల షెడ్లలో బ్రేకుల పనికి ఆయన్ని మించినవాడు లేడని పేరు. ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్ళంతా మగవాళ్ళే. ఓబులమ్మ ఒక్కతే ఆడమనిషి, అదీ నలభై దాటాక వచ్చి చేరింది.

మొగుడు పోయాక ఆమె షెడ్డు ఊడ్చే పనికి వచ్చింది. పెడల్ తొక్కేవాడు మానేస్తే ఆ పనీ ఆమె మీద పడింది. బ్రేకు పైపుల్లో గాలి చేరితే పెడల్ దూదిలా మెత్తబడుతుంది, ఎంత తొక్కినా బండి ఆగదు. ఆ గాలి తీయడానికి ఇద్దరుండాలి. ఒకరు పైన కేబిన్‌లో కూర్చుని పెడల్ తొక్కి పట్టాలి. ఇంకొకరు కింద చక్రం దగ్గర పడుకుని, నిప్పల్ అనే చిన్న మరను వదులు చేసి, దానికి తగిలించిన సన్న గొట్టంలోంచి గాలీ ఆయిలూ బయటికి రానిచ్చి మళ్ళీ బిగించాలి. బిగించేదాకా పైవాళ్ళ కాలు లేవకూడదు. లేచిందా, బయటి గాలి లోపలికి పోతుంది.

తొక్కు, పట్టు, వదులు. పొద్దస్తమానం ఓబులమ్మ చెవిన పడేవి ఈ మాటలే. ఇంటికి పోతే అవీ ఉండవు. వండుకుని, తిని, గిన్నె కడుక్కుని, గోడవైపు తిరిగి పడుకుంటుంది. నిద్ర రాదు. తెల్లారితే మళ్ళీ ఎవరిదో కేబిన్, ఎదురుగా దుమ్ముపట్టిన అద్దం.

ఒక సాయంత్రం తిరుపాలు తన లారీ తెచ్చాడు. పలకల లోడు, తెల్లారి నల్లమల ఘాటు రోడ్డు దిగాలి. మేస్త్రి టైర్లకు అడ్డంగా చెక్కలు పెట్టి ముందు చక్రం దగ్గర దూరాడు. "తొక్కు. పట్టు," అన్నాడు. ఓబులమ్మ పట్టింది. అద్దంలోంచి చూస్తే రోడ్డు మీద ఎవరో తలకు తువ్వాలు చుట్టుకుని పోతున్నాడు. నడక అచ్చం పోయిన మొగుడి నడకే. చూస్తుండగానే ఆమె కాలు లేచిపోయింది.

కింద గొట్టం గాలి పీల్చిన చప్పుడైంది. తిరుపాలు కేబిన్‌లోకి తల పెట్టాడు. "ఏందక్కా, నాకంటే ముందే నీ కాలు ఘాటు దిగిపోయిందే," అన్నాడు. నవ్వుతూ అన్నాడు గానీ కళ్ళల్లో నవ్వు లేదు. రేపు దిగాల్సింది అతనే గదా.

మేస్త్రి తిట్టలేదు. కిందికి కారిన ఆయిల్ పక్కన పారబోశాడు. సీలు తీయని కొత్త డబ్బా తెరిచి పైన నింపాడు. "మళ్ళీ మొదట్నుంచి," అన్నాడు.

తిట్టి ఉంటే బాగుండేదనిపించింది ఓబులమ్మకి.

"రేపట్నుంచి నేను రాను మేస్త్రీ," అంది మెల్లగా. "మీకు కింద బుడగ కనబడుతుంది, పని అయిందీ లేనిదీ తెలుస్తుంది. పైన నాకేం కనబడదు. నేనూ ఎవరికీ కనబడను. నా కాలికి బదులు ఒక బండరాయి ఎత్తిపెట్టుకున్నా చాలు. నేనెందుకు, చెప్పండి?"

"దిగమ్మా," అని ఆయన పానా ఆమె చేతిలో పెట్టి, నెమ్మదిగా కేబిన్ ఎక్కాడు. "ఎడం చేత్తో చక్రానికి ఆయిల్ తెచ్చే ఆ రబ్బరు పైపు పట్టుకో. నువ్వు చెప్పు, నేను తొక్కుతా."

ఓబులమ్మ గోనెపట్టా మీద పడుకుంది. ఒకరికి పని చెప్పి ఎరగదు. "తొక్కండి," అంది చివరికి. చేతిలో పైపు కదిలింది, బిగిసింది. ఆమె నిప్పల్ వదులు చేసింది. సన్న గొట్టంలో బుడగలు వచ్చాయి, వాటి వెనక శుభ్రమైన ఆయిల్. అది ధారగా రాలేదు, వణుకుతూ వచ్చింది. ఆమె కాసేపు దాన్నే చూసింది. పైపు పట్టుకున్న చేతికీ ఆ వణుకు అందుతోంది.

"మేస్త్రీ, మీ మోకాలు నొప్పి పెడుతోందా?"



"ముందు బిగించు," అన్నాడు.

అన్ని చక్రాలూ అయ్యాక తిరుపాలు ఎక్కి తొక్కి చూశాడు. పెడల్ కాలికింద గట్టిగా నిలబడింది. "ఘాటు మొదట్లో ఆపి ఇంకోసారి చూసుకో," అన్నాడు మేస్త్రి. చేతులు కడుక్కుంటూ ఓబులమ్మ వైపు తిరగకుండానే, "రేపు రాకపోతే చెప్పి పోమ్మా. రాయి వెతుక్కోవాలి," అన్నాడు.



మర్నాడు పొద్దున షెడ్డు తలుపు తీసేసరికి ఓబులమ్మ బయట నిలబడి ఉంది. ఎవరూ పిలవకుండానే అక్కడున్న లారీ ఎక్కి పెడల్ మీద కాలు పెట్టింది. మేస్త్రి కింద దూరాడు. ఆయన చెప్పగానే తొక్కి పట్టింది. ఆ తర్వాత ఎంతసేపటికీ కిందనుంచి మాట రాలేదు. పిక్క లాగేసింది. అయినా కాలు తీయలేదు. నిప్పల్ బిగిసిన చప్పుడు వినబడింది, ఆ వెనకే మేస్త్రి గొంతు.

"ఇవాళ పైపు వణకలేదమ్మా. రాత్రి నిద్రపోయినట్టున్నావు."