పిగిలిపిట్టకు కనపడని ఎరుపు

ఒకప్పుడు పిట్టలన్నీ ఉతకని ముతక గుడ్డ రంగులో ఉండేవి. కొంగదీ అదే రంగు, కాకిదీ అదే రంగు. ఏ పిల్ల ఎవరిదో తెలియక తల్లులు తెల్లారితే చాలు కొట్టుకునేవి.

ఏటి ఒడ్డున ఓబులవ్వ అనే అద్దకపు ముసలమ్మ ఉండేది. ఈ గోల భరించలేక ఒకనాడు, "రండే, నేనే మీకు రంగులేస్తాను" అంది.

ముందు కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో పిట్టను ముంచేది. ఆ పాలు పట్టకపోతే రంగు పాకిపోతుంది. వాసన సంగతి మాత్రం అడగొద్దు. కొంగ అది వదిలించుకోవాలని నీళ్లలో నిలబడింది, ఇప్పటికీ అక్కడే నిలబడి ఉంది. సరే, కొంగను అలా ఉండనివ్వండి.

అవ్వకు ఒక లెక్క ఉండేది. "ఒంటికంతా ఒక రంగు. దానికి తోడుగా ఇంకొకటి, అందులో సగం. మూడోది చిటికెడు, చూపు ఆగేందుకు. నాలుగోసారి ముంత దగ్గరికొస్తే ముక్కు పట్టుకుని ఏట్లో పడేస్తా!"

అన్నిట్లోకీ ఎరుపే కరువు. అది చిరువేరును ఉడికిస్తే వస్తుంది. ఆ వేళ్లు ఇసుకలో లోతుగా ఉంటాయి. పిగిలిపిట్టే దిబ్బదిబ్బకూ తిరిగి, ముక్కు అరిగేలా తవ్వి, ఒక్కొక్క వేరూ తెచ్చిపెట్టేది. అందుకు అది కోరింది ఒక్కటే.

"అవ్వా, నా గొంతు మీద చిటికెడు ఎరుపు పెడతావా? పాడేటప్పుడు అందరికీ కనపడాలి."

"నీకు కాక ఇంకెవరికే!" అంది అవ్వ. చిన్న ముంతలో కొంచెం ఎరుపు విడిగా దాచింది కూడా.

చివరికి పిగిలిపిట్ట వంతు వచ్చింది. అవ్వ దాని ఒంటికి నలుపు, తోక మొదట్లో తెలుపు వేసింది. గొంతు మాత్రం ఎరుపు కోసం వదిలి, "పోయి ఎండలో ఆరిరా" అంది.

అది అటు వెళ్లగానే రామచిలుక వచ్చి వాలింది. ఒంటికి ఆకుపచ్చ, మెడకు నల్లగీత, ముక్కుకు ఎరుపు ఎప్పుడో వేయించుకుంది.

"అవ్వా, మెడలో ఒక్క ఎర్రని హారం వెయ్యవా?"

"నీ మూడూ అయిపోయాయి గదే. ఇది పిగిలిది."

"ఇసుక తవ్వే పిట్టకు ఎరుపెందుకవ్వా? నా మెడలో ఉంటే పదిమందీ చూస్తారు. ఇది ఓబులవ్వ చేతిపని అంటారు!"

ఆ చేతులను అంతవరకూ ఎవరూ పొగడలేదు. అవ్వకు ఎక్కడో తియ్యగా తగిలింది. ముంత వంచింది. ఉన్నది చాలక, హారం గులాబీరంగులో పలచగా వచ్చింది.

ఇంతలో పిగిలిపిట్ట వచ్చి గొంతు చాచింది. "ఆరిపోయానవ్వా. ఇక పెట్టు."

అవ్వకు తలెత్తబుద్ధి కాలేదు. ఆ బోసి గొంతు చూడలేక, గబగబా దానికీ నలుపు పూసేసింది. "ఎరుపు అయిపోయిందే. నీకు ఇదే బాగుంటుంది" అంది.

నలుపు పడిన ఈక మీద ఇంకే రంగూ ఎక్కదు. అది అవ్వకు తెలియనిదా!

పిగిలిపిట్ట తలమీది ఈకలు నిక్కబొడుచుకున్నాయి. మెల్లగా వెనక్కి తిరిగింది.

అప్పుడు కనపడింది అవ్వకు, ముంత అడుగున ఒక్క చుక్క.

"ఆగవే తల్లీ!"

ఏ రంగూ పడక, ఎరుపు ఎక్కే చోటు ఇక తోక కిందే మిగిలింది. అవ్వ వేలితో అక్కడే అద్దింది. ఏదో తడి తగిలిందనుకుని పిట్ట ఎగిరిపోయింది.

"ఎరుపు పెట్టానే! చూసుకోవే!" అని అవ్వ గట్టు పొడవునా పరుగెత్తింది. ఏటి హోరులో ఆ కేక దానికి అందలేదు. అవ్వ ఆ ముంతను కడగలేదు, మళ్లీ ఎరుపు కాచనూ లేదు.

అప్పటినుంచే పిగిలిపిట్ట గొంతు నల్లగా, తలమీది జుట్టు నిక్కి, తోక కింద ఎర్రగా ఉంటుంది. ఆ ఎరుపు దారిన పోయేవాళ్లందరికీ కనపడుతుంది, దానికి తప్ప.