అవ్వ బిళ్ల మీది ఏనుగు

అనగనగా ఒక అడవి, ఆ అడవి నడుమ ఒక ఏరు, ఆ ఏటి గట్టున ఒక ముంగిస. దాని పేరు సింగన్న. మంచివాడే. అయినా ఈ కథలో చాలాసేపు వాడు తల దించుకునే ఉంటాడు. ఎందుకో చెబుతాను, వినండి.

ఒకప్పుడు ఆ ఏటిని దాటి ఎడ్లబళ్లు వెళ్లేవి. బండి నీళ్లలోకి దిగగానే మనుషులు గంగమ్మకు దండం పెట్టి ఒక నాణెం ఏట్లో వేసేవారు. తరవాత ఎక్కడో దూరంగా వంతెన కట్టారు. బళ్లు రావడం మానేశాయి. నాణేలు మాత్రం ఇసుకలోనే ఉండిపోయాయి. ఏటా వానలు తగ్గి ఏరు తేటపడగానే ఇక్కడొకటి, అక్కడొకటి బయటపడేవి.

జంతువులకు నాణెంతో పనేమిటి అంటారా? ఏ పనీ లేదు. అడవిలో కొట్టూ లేదు, సంతా లేదు. అయినా ఏరుకునేవి. మీరు గోళీలు దాచుకోరూ? అలాగే. ఆ అడవిలో వాటిని బిళ్లలు అనేవారు.

సింగన్నకు ఆ పిచ్చి అందరికంటే ఎక్కువ. వాడి కలుగులో టేకాకులు పరిచి ఉండేవి. ఒక్కో ఆకు మీద ఒక్కో బిళ్ల. నడుమ చిల్లున్న కానీ ఒకటి. అంచు వంకర్లు తిరిగిన అణా ఒకటి. రాజుగారి ముక్కు మాత్రమే మిగిలిన అర్ధణా ఒకటి. పొద్దున్నే కాళ్లు కడుక్కుంటేగాని వాటిని ముట్టుకునేవాడు కాదు. ఒక్కొక్కదాన్నీ వాసన చూసేవాడు. రాతి మీద మెల్లగా జారవిడిచి ఆ మోత వినేవాడు. ఏ బిళ్ల అయినా బోర్లా పడి ఉందని గుర్తొస్తే తింటున్న తిండి వదిలేసి పరుగెత్తేవాడు.

"పెళ్లాం పిల్లలు లేని లోటు నీకు ఆ బిళ్లలే తీరుస్తున్నాయి" అని గోరువంక పైడమ్మ ఎగతాళి చేసేది. ఆమె కూడా తక్కువదేం కాదు. ఆమె గూడు నిండా బిళ్లలే.

ఏటా కార్తీకమాసంలో ఒక పొద్దున, ఏటి ఒడ్డున ఉన్న పెద్ద బండ మీద అందరూ తమ తమ బిళ్లలు పరిచేవారు. ఎవరి బిళ్ల చుట్టూ ఎక్కువమంది మూగితే ఆ ఏడాదంతా వాళ్ల గురించే చెప్పుకునేవారు. సింగన్న బిళ్లల చుట్టూ ఎప్పుడూ నలుగురికి మించి మూగలేదు. వాడికది లోపల లోపల బాధ.

వాడి కన్నంతా తాబేలు మాణిక్యవ్వ దగ్గరున్న బిళ్ల మీద ఉండేది.

మాణిక్యవ్వ చాలా ముసలిది. రెండు కళ్లూ పోయాయి. ఆమెకున్నది ఒకే ఒక్క బిళ్ల. నల్లటి రాగి బిళ్ల, మందంగా, వంకరగా ఉంటుంది. రోజూ పొద్దున్నే దాని మీద కుడి ముంగాలు పెట్టి కాసేపు అలా కూర్చునేది.

"ఏం చేస్తున్నావవ్వా?" అని సింగన్న ఒకసారి అడిగాడు.

"మా అమ్మతో మాట్లాడుతున్నా నాయనా" అంది అవ్వ. "మా అమ్మను నేను చూడలేదు. ఇసుకలో గుడ్లు పెట్టి, ఈ బిళ్ల పక్కన పెట్టి వెళ్లిపోయింది. గుడ్డు పగలగొట్టుకుని వచ్చి నేను మొదట కాలు పెట్టింది దీని మీదే. ఇదిగో, దీని మీద ఏనుగు ఉంది. నా కాలికి తగులుతుంది. నువ్వూ చూడు."

సింగన్న బిళ్లను ఎండకు వాలుగా పెట్టి చూశాడు. నిజంగానే ఏనుగు ఉంది. తొండం పైకెత్తి ఉంది. నాలుగు కాళ్లూ ఉన్నాయి. కాళ్ల కింద మూడు చుక్కలు. ఆ బొమ్మ అరిగి అరిగి వెంట్రుకవాసి ఎత్తే మిగిలింది. అంత పాత బిళ్ల వాడు ఎన్నడూ చూడలేదు.

ఆ రోజే అడిగాడు. అవ్వ ఇవ్వనంది. మరుసటి వారం అడిగాడు. ఇవ్వనంది. కార్తీకం దగ్గరపడ్డాక మూడోసారి అడిగాడు.

"ఉంచుకోనవ్వా. బండ మీద ఒక్క పూట పెట్టి తెచ్చిస్తా" అన్నాడు.

అవ్వ ఆలోచించింది. "సరే, తీసుకెళ్లు. మా అమ్మ ఇచ్చింది నలుగురూ చూస్తారు. కానీ ఉన్నదున్నట్టు చూపించు నాయనా. దానికేమీ చెయ్యొద్దు" అంది.

"నాకు తెలియదా అవ్వా" అన్నాడు సింగన్న.

తెలుసు. బిళ్లలు ఏరేవాళ్లందరికీ తెలిసిన సంగతే అది. పాత బిళ్ల మీద నలుపు మురికి కాదు, దాని వయసు. దాన్ని తోమకూడదు. పిల్ల ఉడతలకు కూడా ఇది చెప్పి మరీ బిళ్ల చేతికిస్తారు.

కానీ కలుగులో టేకాకు మీద పెట్టి చూస్తే బిళ్ల కర్రిగా, బొగ్గుముక్కలా ఉంది. 'దీని చుట్టూ ఎవరు మూగుతారు? కొంచెం మెరిస్తే చాలు' అనుకున్నాడు సింగన్న. చింతపండు తెచ్చి రుద్దాడు. ఒక మూల ఎర్రగా మెరిసింది. అబ్బ, ఎంత బాగుందో. గొర్రెల కాపరులు వదిలేసిన బూడిద తెచ్చి రుద్దాడు. సగం మెరిసింది. మిగతా సగం మొండికేసింది. ఇక ఆగలేకపోయాడు. ఏటిలోంచి గరుకు రాయి తెచ్చి పొద్దుటినుంచి మధ్యాహ్నందాకా ఒకటే రుద్దడం.

బిళ్ల తళతళలాడింది. సింగన్న దాన్ని ఎండకు వాలుగా పెట్టి చూశాడు. ఏనుగు లేదు.

ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. తొండం లేదు, కాళ్లు లేవు, చుక్కలు లేవు. నున్నటి రాగి మీద వాడి ముఖమే వాడికి కనబడింది. ఎవరైనా చూశారేమోనని కలుగు బయటికి తొంగి చూశాడు. ఎవరూ లేరు.

అప్పుడే అవ్వ దగ్గరికి పరుగెత్తి ఉంటే కథ ఇంతటితో అయిపోయేది. వాడు వెళ్లలేదు.

మర్నాడు బండ మీద సింగన్న బిళ్ల చుట్టూ అడవి అంతా మూగింది. జింకలు వచ్చాయి, కుందేళ్లు వచ్చాయి, ఎప్పుడూ రాని అడవిపంది కూడా వచ్చింది. "ఎంత మెరుస్తోందో" అని ఒకటే పొగడ్తలు. ఏ పొగడ్త కోసం ఇన్నేళ్లు ఎదురుచూశాడో అది దొరికింది. కానీ ఒక్క మాటా వాడికి రుచించలేదు.

పైడమ్మ బిళ్ల మీద వాలి, తల పక్కకు వంచి చూసింది. "తోమావా?" అంది.

"ఛ. ఉత్త నీళ్లతో కడిగానక్కా" అన్నాడు సింగన్న.

"దీని మీద ఏనుగు ఉందని అవ్వ అంటుందే. ఏదీ?"

సింగన్న చూపు తిప్పుకున్నాడు. "ఏనుగూ లేదు, ఏమీ లేదు. ముందునుంచీ ఇది నున్నటి బిళ్లే."

"మరి అవ్వ ఎందుకలా చెబుతుంది?"

"కళ్లు లేని ముసలిది కదా. పాపం, ఏదో ఉందనుకుంటోంది" అన్నాడు.

అందరూ నవ్వారు. నవ్వు ఆగాక బండ కిందినుంచి ఒక గొంతు వినబడింది. "ఏదీ, ఒకసారి ఇలా పెట్టు నాయనా."

మాణిక్యవ్వ. అమ్మ బిళ్లను నలుగురూ మెచ్చుకుంటుంటే విందామని, తెల్లవారకముందే బయలుదేరి నడిచీ నడిచీ అప్పటికి చేరింది. అంతా విన్నది. సింగన్నకు తల కొట్టేసినంత పనైంది. బిళ్ల తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

అవ్వ దాని మీద కుడి ముంగాలు పెట్టింది. మెల్లగా ఇటునుంచి అటు జరిపింది. మళ్లీ జరిపింది. సింగన్న ఆమెను చూడలేక ఏటివైపు తిరిగాడు. 'నువ్వు పాడుచేశావు' అని ఆమె అరుస్తుందని ఎదురుచూశాడు. అరిస్తే బాగుండునని కూడా అనుకున్నాడు.

అవ్వ అరవలేదు. "నిజమే. ఏమీ లేదు" అంది. "మొన్నటిదాకా తగిలినట్టే ఉండేది. కాలు మొద్దుబారిపోయిందో ఏమో. చిన్నప్పుడెప్పుడో ఉందనుకుని, రోజూ అదే అనుకుంటూ వచ్చానేమో. ముసలిదాన్ని, ఏమీ అనుకోకండి."

ఎవరూ నవ్వలేదు. అవ్వ వెనక్కి తిరిగింది.

"అవ్వా, బిళ్ల" అన్నాడు సింగన్న.

"నువ్వే ఉంచుకో నాయనా. నీకు బిళ్లలంటే ప్రాణం కదా. ఏనుగు లేకపోతే అది మా అమ్మ ఇచ్చిందని మాత్రం ఏం నమ్మకం? ఏట్లో కొట్టుకొచ్చిన ఏదో బిళ్ల మీద నేను కాలు పెట్టి ఉంటాను" అని వెళ్లిపోయింది.

చూశారా, వాడు కోరుకున్న బిళ్ల వాడిదైపోయింది. దాన్ని తీసుకెళ్లి టేకాకు మీద పెట్టాడు. మిగతా బిళ్లల వాసన చూడబుద్ధి కాలేదు. రాతి మీద వేసి మోత వినబుద్ధి కాలేదు. తన బిళ్లలముందే తనకు ముఖం చెల్లలేదు. దాన్ని బోర్లా తిప్పాడు. అటూ నున్నగానే ఉంది. ఆకు కప్పేశాడు. ఆకు కప్పినా అది అక్కడే ఉందని తెలుస్తూనే ఉంది.

మొదటి రోజు కలుగులోంచి బయటికి రాలేదు. రెండో రోజు ఏటికి వెళ్తుంటే పిల్ల కుందేళ్లు ఆడుకుంటూ కనిపించాయి. ఒకటి కళ్లు మూసుకుని ఉత్త గులకరాయి మీద కాలు పెట్టి, "ఇదిగో ఏనుగు, ఇదిగో తొండం" అంటోంది. మిగతావి పడీ పడీ నవ్వుతున్నాయి. అవ్వకు 'ఏనుగవ్వ' అని పేరు కూడా పెట్టేశాయి. సింగన్న పొదల చాటునుంచి దొంగలా వెళ్లిపోయాడు.

మూడో రోజు అవ్వ ఉండే గట్టు పక్కగా వెళ్లాడు. పొద్దుటి ఎండ పడుతోంది. ఎప్పుడూ బిళ్ల పెట్టుకునే చోటే అవ్వ కూర్చుని ఉంది. కుడి ముంగాలు డిప్పలోకి ముడుచుకుని ఉంది.

ఇంక వాడివల్ల కాలేదు. కలుగుకు పరుగెత్తి బిళ్ల తీసుకుని అవ్వ ముందుకొచ్చి నిలబడ్డాడు.

"అవ్వా, ఏనుగు ఉంది" అన్నాడు.

"ఏమిటి నాయనా?"

"ఏనుగు ఉండేది. నేను తోమాను. చింతపండుతో తోమాను, బూడిదతో తోమాను, చివరికి రాయి పెట్టి అరగదీశాను. నలుగురూ మూగాలని చేశాను. అది పోయింది. పోయిందని చెప్పలేక, నువ్వే ఏదో అనుకుంటున్నావని అబద్ధం చెప్పాను. నువ్వు నమ్మావు."

సింగన్న నేల చూస్తూ నిలబడ్డాడు. తిడితే పడదామని వచ్చాడు. కానీ ఆమె అడిగింది వేరు.

"తొండం ఎత్తి ఉండేదా?"

"ఉండేదవ్వా. ఎండకు పెట్టి చూశాను."

"నాలుగు కాళ్లూ ఉండేవా?"

"నాలుగూ ఉండేవి. వాటి కింద మూడు చుక్కలు."

చూపులేని ఆ కళ్లలోంచి నీళ్లు కారాయి. "మూడు చుక్కలు" అంది అవ్వ. "అవును, మూడే. అమ్మయ్య. అయితే నా కాలు సరిగానే ఉంది. మా అమ్మ పెట్టి వెళ్లిందే అది."

తర్వాత గొంతు గట్టిపడింది. "నా ఏనుగును చెరిపేశావని నాకు కోపమే సింగన్నా. అది ఇప్పట్లో పోదు. కానీ ఈ మూడు రోజులూ మా అమ్మే లేకుండా చేశావు చూడు, అది ఇంకా పెద్ద తప్పు. వెళ్లు. ఎవరెవరి ముందు ఆ మాట అన్నావో వాళ్లందరికీ నిజం చెప్పు."

సింగన్న బిళ్లను అవ్వ కాలి దగ్గర పెట్టి వెళ్లాడు. జింకలకు చెప్పాడు. అడవిపందికి చెప్పాడు. పైడమ్మ విని, "నాకు ఆ రోజే అనుమానం" అని ముఖం తిప్పుకుంది. అన్నింటికంటే కష్టమైంది పిల్ల కుందేళ్లకు చెప్పడం.

"ఏనుగు నిజంగా ఉందా, సింగన్న మావా?" అని వాటిలో చిన్నది అడిగింది.

"ఉందమ్మా. అవ్వ చెప్పిందే నిజం. అబద్ధమాడింది నేను" అన్నాడు సింగన్న. చెబుతుంటే ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అయినా ఒకటికి రెండుసార్లు చెప్పాడు.

పిల్ల కుందేళ్లు ఒకదాని ముఖం ఒకటి చూసుకున్నాయి. ఆ సాయంత్రం అవి మాణిక్యవ్వ దగ్గరికి వెళ్లి, "అవ్వా, ఆ ఏనుగు ఎలా ఉండేదో చెప్పవా?" అని అడిగాయి. అవ్వ వాటిని దగ్గర కూర్చోబెట్టుకుంది. నున్నటి బిళ్ల మీద కాలు పెట్టి, తొండం దగ్గర మొదలుపెట్టింది.

సింగన్న దూరంగా నిలబడి, తల దించుకుని అంతా విన్నాడు.

నీతి: తప్పు చేయడం కంటే, దాన్ని కప్పిపుచ్చుకోవడానికి ఎదుటివారి నిజాన్ని అబద్ధం చేయడం ఇంకా పెద్ద తప్పు. సిగ్గుపడ్డవాడు దాక్కోకూడదు, వెళ్లి నిజం చెప్పాలి.