ఎవరూ చూడని ఆడబాతు

నూకాలుకి పంతొమ్మిదేళ్లు. చలికాలమంతా తెల్లవారుతూనే, మొహమైనా కడగకుండా, సరస్సు ఒడ్డుకు పోయి పిట్టల్ని చూసేది.

ఆ సరస్సున్న రాజ్యానికి ఒక రాజు. ఆయనకు ముగ్గురు కొడుకులు. ఆ ముగ్గురికీ కలిపి ఒక భయం: సరస్సు ఒడ్డున మేడలో ఉండే మాంత్రికుడు. తనను కాదన్న పిల్లని వాడు రాయి చేసేవాడు.

నూకాలు అక్క గౌరమ్మ కాదంది. "నాకు పడవ నడిపే సింహాద్రి ఉన్నాడు. మధ్యలో నువ్వెవడివిరా?" అంది. ఆ క్షణమే ఆమె పాదాలు రాయయ్యాయి.

"శివరాత్రికి నిలువెల్లా రాయవుతావు" అన్నాడు మాంత్రికుడు. "నా ప్రాణం ఈ సరస్సుకొచ్చే వలసపిట్టల్లో ఒక వింతజాతి బాతులో ఉంది. లక్ష పిట్టల్లో ఆ జాతిది ఒక్క జంటే. శివరాత్రికి అవీ ఎగిరిపోతాయి. చేతనైతే పట్టుకోండి!"

ఆ ప్రాణం తెచ్చినవాళ్లకు అర్ధరాజ్యమని రాజు చాటింపు వేయించాడు.

పెద్దకొడుకు ఏనుగెక్కి, బాకాలూదించుకుంటూ వెళ్లాడు. పిట్టలన్నీ లేచిపోయాయి. గౌరమ్మ మోకాళ్లు రాయయ్యాయి. రెండోవాడు వలలు వేశాడు. కొంగలు పడ్డాయి, బుడుబుంగలు పడ్డాయి, చివరికి తనూ పడ్డాడు. గౌరమ్మ నడుము రాయయింది. మూడోవాడు బంగారు తల, నీలం రెక్కలు ఉన్న వింత మగబాతుని బాణంతో కొట్టాడు. ఊరంతా చప్పట్లు కొట్టింది. మాంత్రికుడు మేడమీద నిలబడి పకపకా నవ్వాడు.

గౌరమ్మ గుండెలదాకా రాయయింది. "ఇంకెక్కడుందే ఆ ప్రాణం?" అని ఏడ్చింది.

"జంట అన్నాడు కదక్కా. ఆడది మిగిలింది."

"ఆడబాతులన్నీ మట్టిరంగేనే! వేలున్నాయి."

"వాటివైపు ఎవరూ చూడరని వాడికి తెలుసు. అందుకే అక్కడ దాచాడు."

శివరాత్రికి ఇంకా నాలుగు రోజులుంది. బాతుల్ని పట్టే తన ఊరివాళ్ల పద్ధతిలో నూకాలు ఖాళీ కుండల్ని నీళ్లమీద వదిలింది. మొదటిరోజు పిట్టలు బెదిరాయి. రెండోరోజు దూరదూరంగా తిరిగాయి. గౌరమ్మ భుజాలు రాయయ్యాయి.

"పోయి పట్టెయ్యవే, నా తల్లివి కదూ!"

"ఇప్పుడు దిగితే లేచిపోతాయక్కా. కుండలకు అలవాటు పడనీ. ఓర్చుకో" అంది నూకాలు.

మూడోరోజు పిట్టలు కుండల మధ్యే ఈదాయి. గౌరమ్మ గొంతు రాయయింది. ఇక మాట లేదు. అప్పటికే కొన్ని గుంపులు ఉత్తరానికి లేచాయి.

నాలుగోరోజు నూకాలు కన్నాలు పొడిచిన కుండను తలమీద బోర్లించుకుని, మెడలోతు నీళ్లలో మెల్లగా నడిచింది. చుట్టూ వేల మట్టిరంగు బాతులు, అన్నీ మేస్తున్నాయి. ఒక్కటి మాత్రం మేత ముట్టకుండా, ఉన్నచోటే గుండ్రంగా తిరుగుతూ జోడుని పిలుస్తోంది. నూకాలు నీళ్ల అడుగునుంచి దాని కాళ్లు పట్టుకుంది.

"నా మొగుణ్ణి చంపారు. ఇప్పుడు నన్నా?" అంది బాతు.

"నిన్ను కాదమ్మా. వాడు నీ దగ్గర దాచింది ఇచ్చెయ్."

"నన్నడిగి దాచాడా? ఎడమరెక్క కింద మూడో ఈక. పీకెయ్. ఏళ్లుగా గుచ్చుకుంటోంది."

నూకాలు ఈక పీకి విరిచింది. మాంత్రికుడు మేడమీదే కుప్పకూలి చచ్చాడు. బాతు ఉత్తరానికి ఎగిరిపోయింది.

ఇంటికి పరుగెత్తేసరికి గౌరమ్మ గొంతు సవరించుకుంటోంది. "ఇంతసేపా!" అని మొదట తిట్టి, తర్వాత చెల్లెల్ని కావలించుకుని భోరున ఏడ్చింది.

రాజు నూకాలుని పిలిపించాడు. "మా పెద్దవాణ్ణి చేసుకో తల్లీ. అర్ధరాజ్యం వాడి పేర పెడతాను."

"ప్రాణం తెచ్చినవాళ్లకని చాటించారు. తెచ్చింది ఆయనా, మహారాజా?"

రాజు పత్రం తెప్పించి నూకాలు పేరే రాయించాడు.

గౌరమ్మ సింహాద్రిని పెళ్లాడి పిల్లాపాపలతో చల్లగా బతికింది. నూకాలు రాజు కొడుకులు ముగ్గురిలో ఎవరినీ చేసుకోలేదు. అర్ధరాజ్యం తీసుకుని నలభై ఏళ్లు ఏలింది.