తలకిందులుగా నడిచిన బాతు

పిల్లలూ, ఈ కథ మీ చెవిన పడి ఉండదు. మీరు పెరుగుతున్న ఊళ్ళో గంగన్నపేట పేరు విన్నవాళ్ళే లేరు, ఇక అక్కడి మాస్టారి సంగతి ఎవరు చెబుతారు? కాబట్టి ఇప్పుడు వినండి. పెద్దవాళ్ళు పక్కనుంటే వాళ్ళనీ విననివ్వండి. ఇది అసలు వాళ్ళకే ఎక్కువ కావాలి.

బొబ్బిలి అవతల గంగన్నపేటలో సన్యాసిరావు మాస్టారని ఒకాయన ఉండేవారు. అక్కడి హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. ఎవరేమడిగినా నేరుగా జవాబు చెప్పే అలవాటు ఆయనకి లేదు. లెక్క రాలేదని వెళితే "ఎక్కడిదాకా వచ్చింది?" అనేవారు. ఫలానా సంబంధం మంచిదేనా అని ఒకాయన సలహాకి వస్తే, "భోజనాల వేళకి చెప్పకుండా ఒకసారి వాళ్ళింటికి వెళ్ళి రా" అన్నారట. ఆయన వెళ్ళి వచ్చాడు. మళ్ళీ అడగలేదు.

ఆ మాస్టారి శిష్యురాలు హేమలత. ఆయన దగ్గర లెక్కలు నేర్చుకుని, విశాఖపట్నంలో పెద్ద చదువు చదివి, తను చదివిన బడికే కంప్యూటర్ టీచరుగా వచ్చింది. వచ్చీ రాగానే ఆరో తరగతి పిల్లలకు ప్రోగ్రామింగ్ మొదలుపెట్టింది. ఆ వయసు వాళ్ళకు కోడ్ రాయమంటే పారిపోతారు కదా, అందుకని బొమ్మలతో నేర్పే పద్ధతి ఎంచుకుంది. తెర మీద ఒక పక్క రంగురంగుల ముక్కలుంటాయి. "పది అడుగులు నడువు" అని ఒక ముక్క, "ఇదే చేస్తూ ఉండు" అని ఒకటి, "అంచు తగిలితే వెనక్కి తిరుగు" అని ఇంకొకటి. వాటిని ఒకదాని కింద ఒకటి అతికిస్తే, పక్కనున్న బొమ్మ అచ్చం అలాగే చేస్తుంది. చెప్పింది చేస్తుంది, చెప్పనిది మనసులో ఎంత అనుకున్నా చెయ్యదు. గంగన్నపేట పిల్లలు దానికి అతుకులాట అని పేరు పెట్టుకున్నారు.

హేమలతకి ఒకటే ఇబ్బంది, ఆమె చెయ్యి. పిల్లలు ఒక ముక్క తప్పుగా పెట్టారో లేదో, ఆ చెయ్యి వాళ్ళ భుజం మీదుగా వెళ్ళి మౌసు పట్టుకునేది. తీసెయ్యాల్సింది తీసి, పెట్టాల్సింది పెట్టి, "ఇప్పుడు చూడు" అనేది. పిల్లలు చూసేవాళ్ళు. బొమ్మ చక్కగా ఆడేది. ఆమె మాత్రం ఇంటికెళ్ళాక అన్నం కలుపుతూ మధ్యలో ఆగిపోయేది. నేర్పుతున్నానా, నేనే ఆడుకుంటున్నానా అని. చెయ్యకపోతే పిల్లలు విసిగిపోతారేమోనని భయం, చేస్తే నేర్చుకోరేమోనని భయం. రెండు భయాల మధ్య ఆమెకి కుదురు లేకుండా పోయింది.

పైగా హెడ్మాస్టరు అప్పలనరసయ్యగారికి ఆ క్లాసంటే మొదటినుంచీ గిట్టదు. "బొమ్మలు ఎగరేసుకోవడానికి ఒక పీరియడ్డా అమ్మా?" అనేవారు. చివరికి ఒకరోజు తేల్చి చెప్పేశారు. "శనివారం వచ్చి చూస్తాను. తాము చేసేదేమిటో పిల్లలకి తెలిస్తే సరే. లేదంటే సోమవారం నుంచి ఆ గంటా, ఆ గదీ పదో తరగతి స్లిప్ టెస్టులకి ఇచ్చేద్దాం."

ఆ గంట పోతే హేమలతకి బడిలో మిగిలే పని ఆఫీసు కాగితాలు టైపు చెయ్యడమే.

శుక్రవారం సాయంత్రం ఆమె మాస్టారి ఇంటికి వెళ్ళింది. ఆయన అరుగు మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తున్నారు.

"కూర్చో అమ్మా."

కూర్చుంది. వెంటనే లేచింది. చున్నీ అంచు వేలికి చుట్టుకుంటూ, విప్పుతూ, అరుగు ఈ చివరినుంచి ఆ చివరికి నడిచింది.

"మాస్టారూ, పిల్లలు తప్పు చేస్తున్నారని కళ్ళెదుట కనబడుతుంటే, మనకి దాని మందు తెలిసుండి కూడా, ఎంతసేపు ఊరుకోవాలి?"

మాస్టారు ఒక గింజ తీసి పక్కన పడేశారు. "నాకా ఆట రాదు. రేపు వచ్చి నేర్చుకుంటాను. ఓ కుర్చీ వేయించు."

"రేపొద్దు మాస్టారూ. రేపు హెడ్మాస్టరుగారు వస్తున్నారు."

"ఆయనకి వేరే కుర్చీ వేయించు."

మర్నాడు మాస్టారు ఉతికిన పంచె కట్టుకుని, పిల్లలతోపాటే వరసలో నిలబడి లోపలికొచ్చారు. పైడితల్లి అనే పిల్ల పక్కన ఖాళీ ఉంటే అక్కడ కూర్చున్నారు. పిల్లలకి అది పండగయింది.

"తాతగారూ, అంత గట్టిగా నొక్కకండి, ఇరిగిపోద్ది."

"నీది ఇరిగిందేటి?"

"నాది ఇరగలేదండి. నేను తాతని కాదు కదండీ."

మాస్టారు గేదె బొమ్మ ఎంచుకున్నారు. నడవమని ఒక ముక్క, నడుస్తూ ఉండమని ఒక ముక్క, అంచు తగిలితే తిరగమని ఒక ముక్క పెట్టారు. గేదె గంభీరంగా కదిలింది. తెర అంచు తగిలింది. తిరిగింది. అయితే కాళ్ళు పైకి, వీపు కిందకి పెట్టుకుని, అదే గాంభీర్యంతో వెనక్కి నడుచుకుంటూ వచ్చింది. గదంతా ఘొల్లుమంది. ఈ ఆటలో కొత్తగా దిగిన ప్రతివాళ్ళకీ ఎదురయ్యేదే ఇది. బొమ్మ ఎడమకీ కుడికీ మాత్రమే మళ్ళాలని ఇంకో ముక్క పెట్టి చెప్పాలి. చెప్పకపోతే అది ఒళ్ళంతా తిప్పేస్తుంది.

హేమలత చెయ్యి అప్పటికే వచ్చేసింది. ముక్క పెట్టింది. గేదె నిటారుగా నిలబడింది.

"భేష్," అన్నారు మాస్టారు. తర్వాత మేకని తీసుకున్నారు. మళ్ళీ అవే ముక్కలు. మేక కాళ్ళు పైకెత్తింది. మాస్టారు చేతులు ఒళ్ళో పెట్టుకుని ఆమె వైపు చూశారు. ఆమె వచ్చి ముక్క పెట్టింది. ఆయన కోడిపుంజుని తీసుకున్నారు. పుంజు తల నేలకి రాసుకుంటూ వస్తోంది. హేమలత ఒక కన్ను గుమ్మం మీద, ఒక కన్ను పుంజు మీద వేసి పరుగున వచ్చి ముక్క పెట్టింది.

"మాస్టారూ, ఇందాకే చూపించాను కదండీ."

"చూపించావు. చాలా బాగా చూపించావు. నేనూ బాగానే చూశాను."

"తాతగారికి మతిమరుపండీ," అన్నాడు వెనకనుంచి లోకనాథం.

ఇలా మాస్టారి జంతువుల చుట్టూ తిరగడంతో, ఆయన పక్కనే ఉన్న పైడితల్లి తెర ఎలా ఉందో హేమలత చూడనే లేదు. ఇంతలో అప్పలనరసయ్యగారు గుమ్మంలోకి వచ్చారు.

ఆయన తనకి వేసిన కుర్చీలో కూర్చోలేదు. చేతులు వెనక్కి కట్టుకుని లోకనాథం దగ్గర ఆగారు. లోకనాథం కుందేలు అటూ ఇటూ ముద్దుగా నడుస్తోంది.

"బాగుందిరా. ఇది ఇంత చక్కగా వెనక్కి ఎలా తిరుగుతోంది?"

లోకనాథం నిజాయితీగల పిల్లాడు. "టీచరుగారు ఆ ముక్క ఎట్టీసినారండి."

"ఆ ముక్క ఏం చేస్తుంది?"

"అదెడితే బాగా తిరుగుద్దండి."

పక్క పిల్లని అడిగారు. అదే జవాబు. ఆ పక్క పిల్లాణ్ణి అడిగారు. వాడు మాట మార్చాడు గానీ, అర్థం అదే. అందరి జవాబులోనూ హేమలత చెయ్యే. హెడ్మాస్టరు ముఖంలో కోపం లేదు. కోపమున్నా బాగుండేదనిపించింది ఆమెకి. ముందే తెలిసిన సంగతి రుజువైనవాళ్ళ ముఖం అది.

"మాస్టారూ, తమరు కూడానా? ఈ పుంజు?"

"హేమలతే పెట్టిందండి ముక్క," అన్నారు మాస్టారు, లోకనాథం ఎంత నిజాయితీగా అన్నాడో అంత నిజాయితీగా.

ఆ పక్కన పైడితల్లి తెర మీద ఒక తెల్లబాతు ఉంది. అది కాళ్ళు ఆకాశానికి పెట్టి, ముక్కు నేలకేసి, తాపీగా నడుస్తోంది. హేమలత దాన్ని చూడటం అప్పుడే.

"ఇదేమిటి, దీనికేమొచ్చింది?" అన్నారు అప్పలనరసయ్యగారు.

పైడితల్లి లేచి నిలబడింది. "నడవమన్నానండి, నడిసింది. అంచు తగిలితే తిరగమన్నానండి, తిరిగింది. తిరిగేటప్పుడు కాళ్ళు కిందే ఉండాలని సెప్పలేదండి. అందుకని బండిచక్రంలాగ ఒళ్ళంతా తిప్పీసింది. దాని తప్పు కాదండి."

"మరెవరిది?"

"నాదేనండి. ఉండండి, సెప్తాను దానికి."

అని, హెడ్మాస్టరు పక్కనున్నారన్న ధ్యాస లేకుండా కూర్చుని వెతకడం మొదలుపెట్టింది. ఒక ముక్క తెచ్చింది. బాతు ఉన్నచోటే గిరగిర తిరిగింది. ఆ ముక్క తీసేసింది. ఇంకోటి తెచ్చింది. బాతు తెర దాటిపోయి తోక ఒక్కటీ మిగిలింది. "ఎల్లిపోకే," అని దాన్ని మెల్లిగా మందలించి వెనక్కి లాక్కొచ్చింది. మిగతా పిల్లలు ఒక్కొక్కరే వచ్చి వెనక మూగారు.

హేమలతకి ఒళ్ళంతా చీమలు పాకుతున్నట్టుంది. కావలసిన ముక్క అక్కడే ఉంది. నీలం వరసలో, కింద, కొంచెం జరిపితే కనబడేచోట. పైడితల్లి కదుపుతున్న మౌసు బాణం గుర్తు దాని మీదుగా రెండుసార్లు వెళ్ళి వచ్చేసింది. ఈ ఒక్క బాతు లేచి నిలబడితే ఆ గంట నిలబడుతుంది. ఒక్క నొక్కు. ఆమె చెయ్యి సగం దూరం వెళ్ళింది.

సరిగ్గా అప్పుడే ఆమె చేతి పక్కనుంచి ఇంకో చెయ్యి ముందుకొచ్చింది. అప్పలనరసయ్యగారు వంగారు. ఆయన కళ్ళజోడు ముక్కు చివరికి జారింది. అది ఇందాకటి ముఖం కాదు.

"అదిగో, ఆ నీలం దాన్లో కిందకి..." అంటూ మౌసు మీదికి చెయ్యి చాపారు.

హేమలత ఆయన మణికట్టు పట్టుకుంది.

గంగన్నపేట బడిలో హెడ్మాస్టరు చెయ్యి పట్టుకున్న టీచరు అంతకుముందు లేదు, తర్వాతా లేదు. ఆయన తన చేతిని, దాన్ని పట్టుకున్న చేతిని, మార్చి మార్చి చూశారు.

"వద్దు సార్," అంది ఆమె. "వెతుక్కుంటోంది కదండీ."

"నాకు తెలిసిపోయిందమ్మా. అది ఎక్కడుందంటే..."

"నాకూ తెలుసు సార్."

ఆమె వదిలిన తర్వాత కూడా ఆయన ఆ చేతిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, కాసేపు నడుం మీద, కాసేపు కుర్చీ వీపు మీద పెట్టి చూశారు. ఇద్దరూ పక్కపక్కన నిలబడ్డారు. ఫ్యాను కిర్రుమంటోంది. పైడితల్లి బాణం గుర్తు మళ్ళీ ఆ ముక్క దగ్గరికి వచ్చింది. ఆగింది. దాటిపోయింది. అప్పలనరసయ్యగారు పళ్ళు బిగించి ఊపిరి వదిలారు. మాస్టారు తన పుంజును చూసుకుంటూ కూర్చున్నారు.

బెల్లు కొట్టారు. ఎవరూ కదల్లేదు. ఇంకా కొంతసేపటికి పైడితల్లి తలెత్తి, బాతు వంక దిగులుగా చూసి, హెడ్మాస్టరుగారిని అడిగింది. "సోమారం కూడా ఉంటాదాండీ ఈ గంట?"

ఆయన తెరవైపు చూశారు. బాతు కాళ్ళు పైకి పెట్టుకుని ఇంకా నడుస్తూనే ఉంది.

"ఉండకపోతే ఎలాగే? అది పాపం అలా ఉండిపోదూ?" అన్నారు. గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి, హేమలతతో, "నేనూ వస్తానమ్మా సోమవారం. చెయ్యి జేబులో పెట్టుకునే వస్తాను," అన్నారు.

ఆ బాతు సోమవారమే నిలబడిందని కొందరంటారు, ఇంకా చాలా రోజులు పట్టిందని కొందరంటారు. ఏది నిజమో తెలియదు కాబట్టి ఏదీ చెప్పడం లేదు.

హేమలత మాస్టారిని గేటుదాకా దిగబెట్టడానికి వచ్చింది.

"మాస్టారూ, నిన్న నేనడిగినదానికి మీరేమీ చెప్పలేదు."

"ఎంతసేపు ఊరుకోవాలీ అన్నావు కదూ? ఇవాళ ఎంతసేపు ఊరుకున్నావు?"

ఆమె ఆలోచించింది. "చాలాసేపే అనిపించింది. ఎంతసేపో మాత్రం తెలీదు మాస్టారూ. గడియారం చూడలేదు."

"ఆ పిల్లా చూడలేదమ్మా," అన్నారు మాస్టారు, గేటు తీసుకుని వెళ్ళిపోతూ.

అంతే పిల్లలూ. మీకంటే చిన్నవాళ్ళెవరైనా మీ పక్కన కూర్చుని ఏదో ఒకటి నేర్చుకునే రోజు వస్తుంది. ఆ రోజున వాళ్ళకి ఈ కథ చెప్పండి. దీనికి అర్థమేమిటని అడుగుతారు. కాస్త ఆగండి.