ఉడతమ్మ మొహమాటం

అనగనగా ఒక అడవిలో, వాగు పక్కన ఇప్పచెట్టు తొర్రలో, సుందరమ్మ అనే ఉడత కాపురముండేది. దానికి ఒక్కగానొక్క కూతురు బుల్లెమ్మ. ఆ ఏడు గాలివానకు నీలవేణి అనే పావురం గూడు కూలిపోయింది. "మా తొర్ర పై అరలో ఉండు వదినా," అని సుందరమ్మ పిలిచి చోటిచ్చింది. మంచి పనే చేసింది, పాపం.

పావురం రెట్టలు కింద పడి ఎండిపోయేవి. సుందరమ్మకు శుభ్రం పిచ్చి. రోజుకు మూడుసార్లు తోకతో పరపరా ఊడ్చేది. తొర్రంతా దుమ్ము లేచేది. బుల్లెమ్మ ఆ దుమ్ములోనే ఆడుకునేది.

కొన్నాళ్ళకు బుల్లెమ్మకు దగ్గు పట్టుకుంది. తులసి రసం పోస్తే తగ్గలేదు. మిరియాల కషాయం పడితే తగ్గలేదు. జ్వరం కూడా వచ్చేసరికి సుందరమ్మ కొండముచ్చు వైద్యుడి దగ్గరికి పరుగెత్తింది. ఆయన పిల్ల వీపుకు చెవి ఆనించి విన్నాడు.

"ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరిందమ్మా. మందిస్తాను. కానీ రెట్టల దుమ్ము పీలుస్తుంటే ఏ మందూ పనిచేయదు. పావురాన్ని వేరే చోటు చూసుకోమను. పిల్లను బయట ఉంచి, ముక్కుకు ఆకు అడ్డం పెట్టుకుని, రెట్టల మీద నీళ్ళు చల్లి తడిపి తియ్యి. పొడిగా ఊడ్చావో, మళ్ళీ మొదటికొస్తుంది!"

"పిల్లకెలా ఉంది వదినా?" అని ఇంటికి రాగానే నీలవేణి ఆత్రంగా అడిగింది. "మందిచ్చాడు వదినా," అని సుందరమ్మ మాట దాటేసింది. పిలిచి చోటిచ్చి పొమ్మనడం ఎలా? రేపు చెబుదామనుకుంది. మర్నాడు వానల గురించి మాట్లాడి ఊరుకుంది.

మూడోరోజు బుల్లెమ్మ డొక్కలు ఎగరేస్తూ, "అమ్మా, ఊపిరాడట్లేదే," అంది. సుందరమ్మ ఇక ఆగలేక నీలవేణి దగ్గరికి పరుగెత్తింది. భోరున ఏడుస్తూ వైద్యుడు చెప్పిందంతా చెప్పేసింది.

నీలవేణి కళ్ళు చెమర్చాయి. "పిచ్చిదానా, మొదటిరోజే చెప్పొద్దూ! నా గూడు పోతే పుల్లలు ఏరుకుంటాను. పిల్ల ఊపిరి పోతే ఎక్కడ ఏరుకుంటావే?" అని, ఆ పూటే వాగు అవతలి కొండరాయి మీదికి వెళ్ళిపోయింది. సుందరమ్మ వైద్యుడు చెప్పినట్టే తొర్ర శుభ్రం చేసింది. మందు మెల్లగా పట్టింది.

నెల తిరిగాక బుల్లెమ్మ కొమ్మ చివరికెక్కి, "నీలవేణత్తా! బాగున్నావా?" అని గట్టిగా కేకేసింది. మధ్యలో ఒక్క దగ్గు కూడా రాలేదు.

నీతి: పిల్లల ఊపిరి దగ్గర మొహమాటం పనికిరాదు; నిజమైన చుట్టం నిజం చెబితే నొచ్చుకోదు.