పిల్లల పందిరిలో విందు

ఇప్పలకోన అనే అడవిలో ఏనుగులు, దుప్పులు, కుందేళ్ళు, అలుగులు, నెమళ్ళు, కొండముచ్చులు కలిసి బతికేవి. ఆ అడవి నిండా ఇప్పచెట్లే. ఎండలు ముదిరే ముందు వాటి పూలు రాలి నేలంతా తీపి వాసన వేసేది.

తల్లులు పొద్దున్నే మేతకు పోవాలి. చిన్నపిల్లల్ని వెంట తిప్పడం ప్రమాదం. అందుకని అడవి సభ వాగు ఒడ్డున, వెదురు పొదల మధ్య ఒక పందిరి వేయించింది. దాన్ని పిల్లల పందిరి అనేవారు. కొండముచ్చు సింగారమ్మను అక్కడ ఆయాగా, పంతులమ్మగా పెట్టారు.

తల్లులు పిల్లను దింపేటప్పుడే దాని తిండి కూడా ఇచ్చి వెళ్ళేవారు. సింగారమ్మ ఆ తిండి పెట్టాలి. ఏ ఆకు తినొచ్చో, ఏ నీళ్ళు తాగకూడదో నేర్పాలి. అన్నిటికంటే ముఖ్యంగా, రేచుకుక్కల వాసన పసిగట్టి పరుగెత్తడం నేర్పాలి. ఎండాకాలంలో వాగులు ఎండగానే రేచుకుక్కలు మందగా కొండ దిగి వస్తాయి. పరుగు రాని పిల్ల వాటి నోట పడుతుంది.

ఒకరోజు దుప్పి మాలచ్చి అడవి సభకు వచ్చి నిలబడింది.

"అయ్యా, నా పిల్ల చుక్కి పందిరి నుంచి వచ్చాక కాళ్ళ మీద నిలబడలేకపోతోంది. పిలిస్తే కళ్ళు తెరవదు. చిక్కి సగమైంది. అక్కడ ఏం జరుగుతోందో ఒకసారి చూడండి. రేచుకుక్కలు వచ్చే కాలం దగ్గరపడింది."

సభ వెంటనే ఒక పరిశీలన సంఘం వేసింది. ఏనుగు భద్రయ్యను దానికి పెద్దగా పెట్టింది. అంతకుముందు ఎన్నో సంఘాలకు పెద్దగా ఉన్నాడు. గొంతు గంభీరంగా ఉంటుంది. తను చూస్తే చాలు, అన్నీ తెలిసిపోతాయని ఆయన నమ్మకం. నెమలి నీలాంబరం, ఒంటినిండా పొలుసుల అలుగు పోలమ్మ ఆయన పక్కన సభ్యులు. పోలమ్మ నిదానంగా నడుస్తుంది, ముక్కు నేలకు ఆనించి.

ఇప్పలకోనలో ఒక ఆచారం ఉంది. సంఘం ఎక్కడికి వెళ్ళాలన్నా ముందు వడ్రంగిపిట్ట వెళ్ళి చెప్పి వస్తుంది. "పెద్దలు వస్తున్నారు, సిద్ధంగా ఉండండి" అని. వెళ్ళిన చోట స్వాగతం, విందు ఉండాలి. చూడబోయేది ఏమిటో ముందే చెప్పేస్తే ఇక చూడటానికి ఏం మిగులుతుందని ఒక్కరూ అడగలేదు.

సంఘం వచ్చేసరికి పందిరికి మామిడాకుల తోరణాలు కట్టి ఉన్నాయి. పిల్లలు వరసగా నిలబడి పాడారు.

"పెద్దలారా రారండి! మాకు అన్నీ మెండండి!"

భద్రయ్య చెవులు విప్పుకుని విన్నాడు. "ఆహా! ఎంత చక్కగా నేర్పావమ్మా సింగారమ్మా. అంతా బాగేనా?"

"బాగే, పెద్దాయనా. తమ దయ."

పాట అయిపోగానే పిల్లలు పందిరి లోపలికి పోయి పడుకున్నారు. బయట విందు మొదలైంది. వెదురు చిగుళ్ళు, రేగుపళ్ళు, ఉసిరికాయలు, తేనెలో ఊరేసిన ఇప్పపూలు. భద్రయ్యకు ఇప్పపూలంటే ప్రాణం. దోసిలి దోసిలిగా పోసుకున్నట్టు తొండంతో తిన్నాడు. కాసేపటికి కళ్ళు మూతలుపడ్డాయి. వెదురు నీడన గురకపెట్టి నిద్రపోయాడు.

నీలాంబరం తోరణాల కింద పురి విప్పుకుని తిరిగాడు. పోలమ్మ మాత్రం విందు ముట్టలేదు. పందిరి లోపలికి వెళ్ళి పిల్లల పక్కన కూర్చుంది. ఒక్కటీ కదలడం లేదు. కుందేలు పిల్లను మూతితో తట్టింది. అది లేవలేదు. తిండి తొట్టి వాసన చూసింది. నాకడానికి కూడా ఏమీ లేదు.

పోలమ్మ బయటికి వచ్చి భద్రయ్యను లేపింది. "భద్రయ్యా, పట్టపగలు ఇంతమంది పిల్లలు ఒక్కసారే ఇలా పడుకుంటారా? వాళ్ళు లేచేదాకా ఉందాం. వాళ్ళనే అడుగుదాం."

భద్రయ్య ఆవలించాడు. "పిల్లల్ని అడిగేదేముంది పోలమ్మా? పాటలోనే చెప్పారుగా! నీ ముక్కు ఎప్పుడూ నేల మీదే. కాస్త తలెత్తి ఆ తోరణాలు చూడు."

"పిల్లలు కూడా నేల మీదే ఉన్నారు, భద్రయ్యా" అంది పోలమ్మ.

నీలాంబరం కిలకిలా నవ్వాడు. ముగ్గురూ వెనక్కి బయలుదేరారు.

మర్నాడు సభలో భద్రయ్య పెద్ద బండ ఎక్కి మాట్లాడాడు. "స్వయంగా వెళ్ళి చూశాను. అంత నిశ్శబ్దంగా, క్రమశిక్షణగా ఉన్న పందిరి ఇంకెక్కడా ఉండదు. ఫిర్యాదులో పస లేదు."

"నేను ఒక మాట చెప్పాలి" అని పోలమ్మ లేచింది.

"ఇద్దరం బాగుందన్నాం. నువ్వొక్కదానివే కాదన్నావు. ఇంకా సభ పొద్దు పాడుచేయడం దేనికి? కూర్చో." అని భద్రయ్య మాలచ్చి వైపు తిరిగాడు. "చూడమ్మా, పిల్లను గారం చేసి నువ్వే చెడగొడుతున్నావు. కష్టపడే ఆయమ్మ మీద నింద వేశావు. ఇప్పుడే తప్పు ఒప్పుకో."

మాలచ్చి అందరి ముందూ తల వంచింది. "తప్పయింది సింగారక్కా" అంది. సింగారమ్మ ఎటో చూసింది.

మరుసటి రోజు మాలచ్చి చుక్కిని మళ్ళీ ఆ పందిరికే తీసుకెళ్ళింది. పెద్దాయన స్వయంగా చూశానన్నాడు కదా, తన కళ్ళే మోసం చేశాయేమో అనుకుంది. పిల్లలూ, ఆ తల్లి నమ్మకం గుర్తుపెట్టుకోండి. తరవాత జరిగినదంతా ఆ నమ్మకం మీదే జరిగింది.

పూల కాలం అయిపోయింది. ఇప్పచెట్ల కింద ఆకులు తప్ప ఏమీ లేవు. వాగు ఎండింది. రేచుకుక్కలు కొండ దిగాయి.

ఒక సాయంత్రం మాలచ్చి చుక్కిని పందిరి నుంచి తీసుకొస్తోంది. వాగు ఇసుకలో రేచుకుక్కల ఈల లాంటి కూత వినిపించింది.

"చుక్కీ! పరుగెత్తు!"

చుక్కి తూలింది. ముందుకాళ్ళు మడతపడ్డాయి. ఇసుకలో పడి అక్కడే కళ్ళు మూసుకుంది. మాలచ్చి ఒక్కతే అయితే తప్పించుకునేది. కానీ కదల్లేదు. బిడ్డకు అడ్డంగా నిలబడి గిట్టలతో తన్నింది. రేచుకుక్కలు ఆమె వెనక కాలు చీల్చేశాయి.

కేక విని భద్రయ్య అడవి విరుచుకుంటూ వచ్చాడు. ఆయన్ని చూసి రేచుకుక్కలు పారిపోయాయి. ఇసుక ఎర్రగా ఉంది. ఇంత గోల జరిగినా చుక్కి నిద్ర లేవలేదు.

భద్రయ్య తొండంతో పిల్లను మెల్లగా ఎత్తాడు. దాని ఊపిరి ఆయన తొండానికి తగిలింది. తీపి వాసన. ఇప్పపూల వాసన. అడవిలో ఒక్క పువ్వు కూడా లేని కాలంలో ఆ పసిదాని నోటి నుంచి ఆ వాసన ఎలా వచ్చింది? ఆ వాసనతోనే తను వెదురు నీడన నిద్రపోయిన పొద్దు ఆయనకు గుర్తొచ్చింది.

మాలచ్చి పడుకునే తల ఎత్తింది. "పెద్దాయనా, చూశానన్నారు కదా?"



సభ కూడింది. భద్రయ్య ఎప్పటిలాగే పెద్ద బండ మీద ఉన్నాడు. సింగారమ్మను పిలిపించారు. ఆమె ఏమీ దాచలేదు.

"పిల్లలు ఎక్కువ, నేను ఒక్కదాన్ని. ఏడుపు ఆపడానికి మొదట్లో ఇప్పపూలు నానేసిన నీళ్ళు కాస్త తాగించాను. ఆ మత్తుకు పడుకున్నారు. తరవాత రోజూ అదే చేశాను. పూలు ఎండబెట్టి దాచాను. పడుకున్న పిల్లలకు తిండెందుకని నేనే తిన్నాను. వాళ్ళకు నేర్పింది ఆ స్వాగతం పాట ఒక్కటే. అదీ వడ్రంగిపిట్ట వచ్చి చెప్పాక."

"మరి మాకు పెట్టిన విందు?" భద్రయ్య గొంతు సన్నగా వచ్చింది.

"తల్లులు తెచ్చిన తిండే, పెద్దాయనా. ఆ రోజూ పిల్లలు పస్తే. మీరు అంతా బాగేనా అన్నారు. బాగే అన్నాను. ఇంకొక్క ప్రశ్న అడిగి ఉంటే ఏడ్చి చెప్పేసేదాన్నేమో."

నీలాంబరం తోక ముడుచుకున్నాడు. "నాదేం లేదు. పెద్దాయన మాటకు తలూపాను, అంతే."

"తలూపడానికి నువ్వెందుకు నాయనా? గాలి వీస్తే వెదురు కూడా తలూపుతుంది" అంది పోలమ్మ.

భద్రయ్య బండ మీద నుంచి దిగాడు. ఆ తరవాత ఎప్పుడూ దాని మీద కాలు పెట్టలేదు. అందరి ముందూ మాలచ్చి దగ్గరికి వెళ్ళి మోకాళ్ళు వంచాడు.

"నీ బిడ్డ తిండి తిన్నాను. తిని పడుకున్నాను. లేచి వచ్చి నీ చేతే తప్పు ఒప్పించాను. మాలచ్చీ, తప్పు నాది."

"నా కాలు పోతే పోయింది, పెద్దాయనా" అంది మాలచ్చి. "తక్కిన పిల్లల సంగతి చూడండి."

సభ సింగారమ్మను పందిరి నుంచి పంపేసింది. ఆమె చోట ఇద్దరు ఆయాలను పెట్టింది. సంఘానికి పోలమ్మను పెద్దగా చేసింది. పోలమ్మ వస్తున్నట్టు ముందుగా ఎవరికీ కబురు పోదు. విందు ముట్టదు. ముందు పిల్లల మధ్య నేల మీద కూర్చుంటుంది. వాళ్ళు చెప్పింది విన్నాకే పెద్దవాళ్ళను అడుగుతుంది. తరవాతి ఎండాకాలానికి పిల్లలందరికీ పరుగు వచ్చింది. చుక్కి అందరికంటే ముందుండేది. మాలచ్చి కుంటుతూ వెనక నడిచేది.

భద్రయ్యను ఎవరూ శిక్షించలేదు. తనే అడిగి పందిరికి నీళ్ళు, మేత మోసే పని తీసుకున్నాడు. మొదటిరోజు వెదురు చిగుళ్ళ మోపుతో వెళ్ళాడు. ఆ పెద్ద పాదాలను చూడగానే పిల్లలు ఆట ఆపేశారు. గబగబా వరసగా నిలబడి పాట ఎత్తుకున్నారు.

"పెద్దలారా రారండి! మాకు అన్నీ..."

"వద్దురా నాయనా, వద్దు" అన్నాడు భద్రయ్య.

చుక్కి మోపు వైపు చూసింది. తరవాత ఆయన వైపు చూసింది.

"తాతా, ఇవాళ మా తిండి మాకు ఉంచుతావా?"

భద్రయ్య మోపు దించాడు. ఒక్క చిగురు కూడా తన నోటికి తగలకుండా తొండం పక్కకు తిప్పుకున్నాడు. పిల్లలు తినడం అయ్యేదాకా తల ఎత్తకుండా అక్కడే నిలబడ్డాడు.

నీతి: పిల్లల బాగోగులు చూడటానికి వెళ్ళేవారు మర్యాదలకు మురిసిపోకుండా, నేల మీద కూర్చుని పిల్లల్నే అడగాలి. చూడకుండా చూశామని చెప్పిన మాటకు మూల్యం కట్టేది పసివాళ్ళు.